మరకలమ్మ తమ్ముడు

లాండ్రీలో ఆమెను అందరూ మరకలమ్మ అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మరకలమ్మ అంటే ఆమెకూ కోపం లేదు. ఆ పిలుపులో కాస్త గౌరవం ఉందనే అనుకునేది.

లాండ్రీ ముందు గదిలో బట్టలు తీసుకునే కౌంటరు, దాని వెనక ఇస్త్రీ బల్లలు, ఆ వెనక ఎప్పుడూ తడిగా, ఆవిరితో ఉండే ఉతుకుడు గది. అందులో కిటికీ కింద, సిమెంటు తొట్టి పక్కన ఆమె పీట. మిషన్లకు లొంగని మరకలన్నీ అక్కడికే చేరేవి. ఆమె బట్టను వెలుతురుకు ఎత్తిపట్టి చూసేది, గోటితో గీకేది, ఒక్కోసారి వాసన చూసేది. ఇది టీ, ఇది తుప్పు, ఇది ముక్కులోంచి కారిన రక్తం అని తేల్చేసేది. రక్తమైతే చన్నీళ్ళు. వేడినీళ్ళు తగిలాయా, ఇక ఆ మరక బట్టతోనే పోవాలి. తుప్పయితే నిమ్మరసం, ఉప్పు, ఎండ. కొత్తగా చేరిన ఆడపిల్లలు అడిగితే ఈ విద్య విసుక్కోకుండా నేర్పేది. ఫలానా వాళ్ళ దుప్పటి మీద ఈ మరక ఎలా పడిందో అని గుసగుసలాడితే మాత్రం తడిచెయ్యి విదిల్చి వాళ్ళ మొహాన నీళ్ళు చల్లేది.

"ఉతకడం వరకే మన పని. మిగతాది మనకెందుకే?" అనేది.

ఆ వీధుల్లో సగం ఇళ్ళ గుట్టు ఆమె తొట్టిలో మునిగి తేలింది. ఒక్కటీ బయటికి పొక్కలేదు. పొక్కదు మరి. ఇంటి గుట్టు లంకకు చేటు అని పొద్దున లేస్తే అనే తల్లి కడుపున పుట్టింది. సామెతలు మంచివే. ఎక్కడ వాడాలో తెలియనివాళ్ళ నోట పడితేనే వాటితో చిక్కు.

ఆమెకు ఒక్కడే కొడుకు. వాడికి నడక రాకముందే భర్త పోయాడు. అందరి మురికీ ఉతికి ఆ ఒక్కడినీ పెంచింది. వాడు పెద్దవాడై పెద్ద రోడ్డు మీది బేకరీలో పొయ్యి దగ్గర పనికి కుదిరాడు. ఈ మధ్య కొన్నాళ్ళుగా అక్కడ అతనికి ఒక పేరు కూడా వచ్చింది. పొయ్యిలోంచి రొట్టెల ట్రే బయటికి తీసేటప్పుడు అందరూ మందపాటి గుడ్డ వాడతారు. ఇతను ఎడమచేత్తో ఉత్తినే పట్టుకుని లాగేసేవాడు. తోటివాళ్ళు నిప్పుచేతులోడు అని పిలవడం మొదలుపెట్టారు. కౌంటరు దగ్గరికి కొత్తవాళ్ళెవరైనా వస్తే అదొక తమాషాగా చేసి చూపించేవాడు. చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే అతని భార్య ఒకసారి అది చూసింది. చూసి నవ్వలేదు.

"గుడ్డ పట్టుకుంటే నామోషీయా?" అంది.

మరకలమ్మ మాత్రం మురిసిపోయింది. "మావాడి చెయ్యి ఇనుమే" అని లాండ్రీలో చెప్పుకుంది కూడా. ఆ మాట తర్వాత ఆమెను ఎన్నిసార్లు గుచ్చిందో చెప్పలేం.

ఒక సాయంత్రం అన్నం తినేటప్పుడు కోడలు అతని చెయ్యి పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. చిటికెన వేలు పక్కన చర్మం ఊడిపోయి లోపలి ఎరుపు కనిపిస్తోంది.

"ఇంత కాలితే తెలియలేదా?"

"ఏమో, నొప్పి లేదే" అన్నాడతను, మామూలుగా.

అత్తగారు పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. ఆమెకు అప్పటికే తెలుసు. పోయిన ఎండాకాలం అతను చొక్కా విప్పి కూర్చున్నప్పుడు మోచేతి కింద ఒక పాలిపోయిన మచ్చ చూసింది. దానిమీద వెంట్రుకలు లేవు, చెమట పట్టదు. బట్ట మీద ఏది పడినా చూడగానే పేరు చెప్పే మనిషి, కొడుకు ఒంటి మీది మచ్చను ఒకటికి రెండుసార్లు చూసి, "శోభి మచ్చలే, అదే పోతుంది" అంది. తనకు తాను కూడా అలాగే చెప్పుకుంది.

కోడలు ఊరుకునే రకం కాదు. మర్నాడు సెలవు పెట్టి మొగుణ్ణీ అత్తగారినీ వెంటబెట్టుకుని చర్మవ్యాధుల క్లినిక్‌కు వెళ్ళింది. అక్కడి నర్సు అతన్ని కళ్ళు మూసుకోమని, మచ్చ మీద దూదితో రాసింది. "ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించండి" అంది. అతను కళ్ళు మూసుకుని ఎదురుచూస్తూనే ఉన్నాడు.

"కుష్టు. పేరు విని బెదిరిపోకండి" అంది నర్సు. "క్రిమి వల్ల వచ్చే జబ్బు. చాలామంది ఒంటికి దాన్ని తట్టుకునే శక్తి ఉంటుంది, కొందరికి ఉండదు, అంతే. మందు మొదలుపెడితే ఇంకొకరికి అంటదు. కంచం వేరు, మంచం వేరు అని మాత్రం మొదలుపెట్టకండి."

కోడలు గట్టిగా ఊపిరి పీల్చుకుని, "తగ్గుతుందిగా మరి?" అని అడిగింది. తగ్గుతుందని నర్సు చెప్పింది. ఆ పిల్ల అంతకుమించి ఏమీ అడగలేదు. మొగుడి మచ్చ ఉన్న చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకో మాట" అంది నర్సు, మరకలమ్మ వైపు తిరిగి. "ఈ మాత్రల్లో ఒకటి కొందరి రక్తానికి పడదు. మీ వాళ్ళలో, అందులోనూ మీ పుట్టింటి వైపు మగవాళ్ళలో, ఏదైనా మందు వేసుకున్నాక ఒళ్ళు పచ్చబడి, మూత్రం నల్లగా వచ్చినవాళ్ళు ఉన్నారా? ఆ రక్తపరీక్ష ఇక్కడ లేదు. అలాంటివాళ్ళు ఉన్నారంటే ముందు పెద్దాసుపత్రికి పంపి, పరీక్ష చేయించి, ఆ మాత్ర మార్చి ఇస్తాం."

"అమ్మా, నీకు తెలిసి ఎవరైనా ఉన్నారా?" అన్నాడు కొడుకు.

ఉన్నాడు. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ పక్కన కోడలుంది. పెళ్ళి మాటలప్పుడు ఈ పిల్ల తల్లి, "మీకు అన్నదమ్ములెవరూ లేరా వదినగారూ?" అని అడిగితే, "లేరండీ, మా అమ్మకు నేనొక్కదాన్నే" అని చెప్పి ఉంది. ఇప్పుడు తమ్ముడుండేవాడంటే, ఏమయ్యాడు అంటారు. మందు పడక పోయాడంటే, ఏ రోగానికి ఆ మందు వేశారు అంటారు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

"లేదమ్మా" అంది మరకలమ్మ. "మా వైపు అలాంటివేమీ లేవు. మాది శుభ్రమైన రక్తం."

నర్సు తలూపి మాత్రల అట్టలు తెచ్చి ఇచ్చింది. ఎర్రగా ఉన్న మాత్ర వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తుందని, కంగారు పడొద్దని, తెల్లది రోజూ వేసుకోవాలని, ఒక్కరోజు కూడా మానొద్దని చెప్పింది. కోడలు అన్నీ శ్రద్ధగా విన్నది. రోజూ మాత్ర ఇచ్చే పని తానే పెట్టుకుంది.

మరకలమ్మకు ఆ రోజునుంచి నిద్ర సరిగ్గా లేదు. పొద్దున్నే లేచి కొడుకు మొహంలోకి చూసేది. వాడు వేరు, వీడు వేరు అనుకునేది. అప్పటి మందు వేరు, ఇప్పటి మందు వేరు. రోజులు మారాయి, డాక్టర్లు తెలివిమీరారు. ఇలా చెప్పుకున్నకొద్దీ మనిషికి కాస్త ధైర్యం వస్తుంది. అబద్ధం చెప్పినవాళ్ళకు అవసరమయ్యేది కూడా ఆ ధైర్యమే.

కొన్నాళ్ళకు అతను బేకరీ మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందన్నాడు. ఒక పొద్దున పనికి కూడా వెళ్ళలేక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కోడలు వంటగదిలోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"ఆయనకు మూత్రం నల్లగా వస్తోందత్తయ్యా, పాలు పొయ్యని టీలాగా. నర్సు ముందే చెప్పిందిగా, రంగు మారుతుందని. మందు పని చేస్తోందిలెండి. లోపలున్న చెడంతా బయటికి పోతోంది."

మరకలమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కోడలు అన్న ఆఖరి మాట ఆమెదే. ఎన్నో ఏళ్ళ కిందట, మరో ఇంట్లో, ఆమె నోటినుంచే వచ్చిన మాట.

అప్పుడు ఆమెకు పెళ్ళి కాలేదు. తమ్ముడికి మీసాలు అప్పుడే వస్తున్నాయి. వాడికి ఆ రోగమని తెలియగానే తండ్రి వాణ్ణి పెరటివైపు కట్టెల గదిలో పెట్టి తలుపు వేశాడు. ఊరెళ్ళాడని అందరికీ చెప్పారు. తండ్రి ఎక్కడినుంచో రహస్యంగా మాత్రలు తెచ్చాడు. అన్నం, నీళ్ళు, మాత్ర కిటికీలోంచి అందించే పని అక్కది. వాడు మంచి మాటకారి. మొదట్లో కిటికీ అవతలనుంచే జోకులు వేసేవాడు. "అక్కా, జైల్లోనైనా కూరలో ఉప్పు వేస్తారే" అనేవాడు. తర్వాత జోకులు ఆగిపోయాయి. మూలనున్న డబ్బాలో నల్లటి మూత్రం చూసి ఆమె తల్లిని అడిగింది. తల్లి తండ్రిని అడిగింది. రోగం కరిగి పోతోందన్నాడు తండ్రి. ఇంట్లో అందరికీ సంతోషమేసింది. తొందరగా పోవాలని ఇంకో మాత్ర కలిపారు.

"వద్దే అక్కా. కళ్ళు తిరుగుతున్నాయి, నా వల్ల కాదు" అన్నాడు వాడు.

"చెడంతా బయటికి పోతోందిరా. మింగు" అంది అక్క. కిటికీలోంచి చెయ్యి పెట్టి, వాడి నోట్లో తన వేళ్ళతో వేసింది. వాడు మింగేదాకా చూసి గానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

కళ్ళు పసుపుపచ్చగా అయి, పెదాలు తెల్లబడి, ఒక మధ్యాహ్నం వాడు పోయాడు. కామెర్లు అన్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో వాడి పేరు ఎవరూ ఎత్తలేదు. రోగం వచ్చినందుకు ఆ ఇల్లు సిగ్గుపడింది. వాణ్ణి చంపుకున్నందుకు సిగ్గుపడాలని ఎవరికీ తట్టలేదు. ఆమెకు తట్టింది, కానీ ఎవరితోనూ అనలేదు.

గరిటె పక్కన పెట్టి, "ఇవాళ మాత్ర వద్దులే" అంది మరకలమ్మ.

"ఎందుకత్తయ్యా?"

"ఊరికే. నీరసంగా ఉన్నాడుగా."

"ఒక్కరోజు కూడా మానొద్దని ఆవిడ అంత గట్టిగా చెప్పిందే."

చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి వెనక్కి పోయింది. "సరే, నీ ఇష్టం" అని సంచీ తీసుకుని, అందులో కొడుకు విడిచిన లుంగీ కుక్కుకుని, పనికి బయల్దేరింది. అవును, పనికే వెళ్ళింది. ఇది చెప్పడానికి మనకే నోరు రావడం లేదు, ఇక చేసిన మనిషి సంగతి చెప్పేదేముంది?

లాండ్రీలో పీట మీద కూర్చుని లుంగీ విప్పి కిటికీ వెలుతురుకు ఎత్తింది. చిన్న గోధుమరంగు మరక. చన్నీళ్ళలో ముంచి వేళ్ళతో రుద్దింది. పక్కన కాలర్లు రుద్దుతున్న పిల్ల తొంగిచూసి, "అదేం మరకమ్మా?" అంది.

"తెలియడం లేదే" అంది మరకలమ్మ.

ఆ గదిలో ఆమె నోట ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆ పిల్ల బిత్తరపోయి చూసింది. మరకలమ్మ తలొంచుకుని రుద్దుతూ, మనసులో ఒక అబద్ధం కుట్టుకుంటోంది. మా పక్కింట్లో ఒకబ్బాయి ఉండేవాడట, వాడికి ఇలాగే అయిందట అని చెబితే? దూరపు చుట్టం అంటే? తమ్ముడు అనకుండా పని జరిగే దారి ఏదైనా ఉందా? అలా వెతుకుతూ వెతుకుతూ, తాను ఏం చేస్తోందో ఆమెకే కనిపించింది. కొడుకు ప్రాణం ఒకవైపు, తన పరువు ఒకవైపు పెట్టి తూకం వేస్తోంది. తనమీద తనకే అసహ్యం పుట్టింది. లుంగీ తొట్టిలోనే వదిలేసి, తడి చేతులతోనే లేచి వీధిలోకి వచ్చింది. ఆ వయసులో ఆమె పరుగెత్తగలదని ఆ వీధిలో ఎవరూ అనుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి కొడుకు చాప మీద పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరిస్తే తెల్లగుడ్డు పసుపుపచ్చగా ఉంది. పెదాల్లో రక్తం లేదు.

"మాత్ర వేసి పడుకోబెట్టానత్తయ్యా. కాస్త పడుకుంటే లేస్తాడనుకున్నా" అంది కోడలు. అప్పటికి ఆ పిల్లకూ భయం పట్టుకుంది.

బేకరీ యజమాని రొట్టెల బండి పంపాడు. అందులోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. బెడ్డు చుట్టూ కోడలు, యజమాని, ఇద్దరు తోటి పనివాళ్ళు నిలబడి ఉన్నారు. డాక్టరమ్మ అతని కళ్ళు చూసి, మాత్రల అట్ట చూసి, "ఇది ఆపెయ్యండి. వెంటనే రక్తం ఎక్కించాలి" అని నర్సుతో చెప్పి, ఇటు తిరిగింది. "వీళ్ళింట్లో ఇంకెవరికైనా ఇలా అయిందా?"

"లేదండీ, మా అత్తయ్యను ముందే అడిగారు..." అంది కోడలు.

"అయింది" అంది మరకలమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నాకో తమ్ముడుండేవాడు. వాడికీ ఈ రోగమే. ఈ మాత్రలే. మూత్రం ఇలాగే నల్లగా వచ్చింది. రోగం పోతోందనుకున్నాం. వద్దంటున్నా నేనే మింగించాను, ఈ చేత్తోనే. పోయాడు." నీళ్ళలో నాని ముడతలు పడ్డ చెయ్యి ముందుకు చాపి చూపించింది, అది ఎవరిదో చెయ్యి అన్నట్టు. "ఆ నర్సమ్మ అడిగినప్పుడు లేదన్నాను. నాకు సిగ్గేసింది."

యజమాని నేల చూపులు చూశాడు. డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేదని మరకలమ్మకు అనిపించింది.

"ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్ ఒకటి రక్తంలో ఉంటుంది" అంది డాక్టరమ్మ. "కొందరికి పుట్టుకతోనే అది తక్కువ. మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, తక్కువన్న సంగతే తెలియదు. ఇలాంటి మందు లోపలికి వెళితే మాత్రం ఆ కణాలు పగిలిపోతాయి. తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. తల్లి బాగానే ఉంటుంది."

"అంటే వాడికి ఇచ్చింది నేనేనా?"

"మీరేం కావాలని ఇవ్వలేదుగా. మీకు మీ అమ్మ ఇచ్చి ఉంటుంది."

"మరి ఆ రోగం? అదీ మా రక్తంలోదేనా?"

"కాదమ్మా. అది క్రిమి. ఎవరి ఒంటికి తొందరగా అంటుతుందన్న దాంట్లో కుటుంబానికి కొంత పాలు ఉండొచ్చంటారు. అది కూడా ఎవరి తప్పూ కాదు." డాక్టరమ్మ వెళ్ళబోతూ ఒక్క క్షణం ఆగింది. "అడిగినప్పుడు చెప్పి ఉంటే బాగుండేది."

అంతే అంది. దానికంటే ఎక్కువ అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఇంతకాలం ఆమె దాచింది రోగం సంగతి. ఆ రోగం ఎవరి రక్తాన్నీ మైల చెయ్యలేదు. నిజంగా రక్తంలో ఉన్నదేమో ఎవరి కంటికీ కనపడకుండా ఆమెలోనే ఉంది. దానికి ఆమె బాధ్యురాలు కాదు. ఆమె చేసిందల్లా నోరు మూసుకోవడం, ఆ ఒక్కటీ మాత్రం ఆమె చేసిందే.

రక్తం ఎక్కించారు. మాత్ర మార్చారు. అతను తేరుకున్నాడు. మొదట పెదాలకు రంగొచ్చింది, తర్వాత ఆకలి వచ్చింది. ఆసుపత్రి రొట్టె ఒక ముక్క తుంచి చూసి, "ఎవడు కాల్చాడో గానీ వాణ్ణి పొయ్యిలో పెట్టాలి" అన్నాడు. భార్య నవ్వింది. బయట వరండాలో బెంచీ మీద కూర్చున్న మరకలమ్మకు ఆ నవ్వు వినిపించింది. ఆమె లోపలికి వెళ్ళడం లేదు. పొద్దున వచ్చి, తెచ్చింది కోడలి చేతికిచ్చి, బెంచీ మీదే కూర్చునేది. కోడలు తీసుకునేది, మాట్లాడేది కాదు.

ఆ రోజు గిన్నె అందుకుని కోడలు అక్కడే నిలబడిపోయింది.

"మీ తమ్ముడి రోగం సంగతి దాచారని నాకు కోపం లేదత్తయ్యా" అంది. "నేను భయపడతానని దాచారేమో, పోనీ. కానీ ఆ రోజు మీకు తెలుసు. తెలిసీ నా చేత్తో మింగించారు. వద్దు, కడుపులో తిప్పుతోంది అన్నాడాయన. నేనే నోరు తెరిపించి వేశాను. ఆయనకేమైనా అయి ఉంటే?"

ఆ పిల్ల తన కుడిచేతి వేళ్ళకేసి చూసుకుంటోంది. మరకలమ్మ ఆ చూపును గుర్తుపట్టింది. ఎన్నో ఏళ్ళుగా తాను రోజూ చన్నీళ్ళలో నానబెడుతూ వచ్చిన వేళ్ళను అలాగే చూసుకునేది. తన జన్మంతా మోసిన ఆ బరువును, పరాయి ఇంటినుంచి నమ్మి వచ్చిన పిల్ల చేతిలో పెట్టబోయింది.

"క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదమ్మా" అంది.

కోడలు వార్డు తలుపు తెరిచి పట్టుకుంది. "లోపలికి రండి. ఆయన పిలుస్తున్నాడు" అంది.

కొడుకు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. వార్డు నిండా మనుషులు. తల్లి బెడ్డు చివర నిలబడింది, కూర్చోలేదు. తిడితే పడడానికి సిద్ధంగా ఉంది.

"అమ్మా, మామయ్య పేరేంటి?" అని అడిగాడు కొడుకు.

మామయ్య. ఆ వరస పెట్టి వాణ్ణి ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. వాడు పోయాక మళ్ళీ పలకని పేరు. చెప్పింది గానీ పెదాలు కదిలాయంతే.

"వినపడలేదమ్మా."

పక్క బెడ్డు వాళ్ళు చూస్తున్నారు. కోడలు చూస్తోంది. సిగ్గు పోలేదు, చెంపలు మండిపోతూనే ఉన్నాయి. అయినా ఈసారి ఆమె తలెత్తి, ఆ పెరటి కిటికీలోంచి పిలిచినంత గట్టిగా తమ్ముడి పేరు చెప్పింది.